తీర్పు దేవుడిది, కాటా మీ చేతిలో ఉంది

ఈ వారం ఉత్తరం కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతం నుంచి వచ్చింది. రాసిన వ్యక్తికి ముప్పై తొమ్మిదేళ్లు. పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా గుమాస్తా. ఊరు, మిల్లు, చర్చి సంఘం పేర్లు బయటపెట్టవద్దని కోరారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను. మాటలు వీలైనంత వరకు ఆయనవే.

"మా నాన్న ఇదే మిల్లులో ముప్పై ఏళ్లు హమాలీగా బోరెలు (పత్తి సంచులు) మోశాడు. నేను ఇంటర్ చదివాను కాబట్టి పదకొండేళ్ల కిందట షావుకారు నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టాడు. ఆ రోజు మా నాన్న సంతోషంతో ఏడ్చాడు. ఇప్పుడు నా జీతం 14,000 రూపాయలు. కాటా ఎలక్ట్రానిక్‌ది, దానికి ముద్ర ఉంది, అందులో తప్పు లేదు. తప్పంతా నేను రాసే చీటీలో ఉంది. కాటా మీద బోరె 52 కిలోల 700 గ్రాములు చూపిస్తే నేను 50 అని రాస్తాను. రెండు కిలోలు సంచి బరువు కింద, మిగతాది చిల్లర కింద పోతుంది. నిజానికి ఖాళీ బోరె కిలో ఉంటే ఎక్కువ. ఈ లెక్క షావుకారు నేర్పిందే. సీజను చివర ఆయన నాకు 5,000 రూపాయలు కవరులో పెట్టి ఇస్తాడు. అది దేనికో ఇద్దరికీ తెలుసు. అందులో దశమభాగం నేను తప్పకుండా సంఘానికి ఇస్తున్నాను.

"డిసెంబరులో మా మేనమామ 18 బోరెలు తెచ్చాడు. షావుకారు ఊళ్లో లేడు. గ్రాములతో సహా సరిగ్గా రాశాను. ఆయన వెనకే కోసిగి వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన 20 బోరెలతో నిలబడి ఉన్నాడు. ఆయనకు మామూలు లెక్కే రాశాను. ఆయన చీటీ మడిచి తలగుడ్డలో దోపుకుని, 'వచ్చే వారం ఇంటిల్లిపాదీ గుంటూరు మిరపకోతకు పోతున్నాం, వచ్చాక మిగతా అప్పు చూస్తాం' అని నాకే దండం పెట్టి వెళ్లాడు. సంచికి కిలో తీసేసి రాత్రి లెక్క వేసుకున్నా ఆయనకు 34 కిలోలు పోయాయి. కిలో 70 చొప్పున 2,380 రూపాయలు. అదే రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోనులో చదివి వినిపించిన వాక్యం: వేర్వేరు తూనికరాళ్లు దేవుడికి అసహ్యం. నాకు అన్నం దిగలేదు.

"జనవరిలో మిల్లులో బేళ్లకు నిప్పంటుకుంది. షావుకారు నాకు రెండు నెలల జీతం బాకీ ఉన్నాడు, అడిగితే సీజను అయ్యాక అంటాడు. మంటలు చూడగానే 'దేవుడు తీర్పు తీర్చాడు' అని లోపల సంతోషం పొంగింది. కాసేపటికి తెలిసింది, మా నాన్న జట్టులో పనిచేసిన హమాలీకి రెండు చేతులూ కాలాయని. అప్పటి నుంచి నన్ను చూస్తే నాకే భయంగా ఉంది.

"నా భార్య, 'నువ్వు జీతగాడివి, పాపం షావుకారు ఖాతాలో పడుతుంది' అంటుంది. అమ్మ, 'పైవాడు అన్నీ చూస్తున్నాడు, ఆయన రోజు వస్తుంది, నువ్వు నోరు మూసుకుని పని చేసుకో' అంటుంది. పాస్టర్ గారు, 'దాసులు యజమానులకు లోబడాలని వాక్యం ఉంది, ప్రార్థన చేయండి' అన్నారు. అమ్మాయి కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఇంకా 30,000 కట్టాలి. దేవుడు న్యాయవంతుడని నేను నిజంగానే నమ్ముతున్నాను. నమ్మినవాడు రేపు పొద్దున కాటా దగ్గర ఏం చేయాలో చెప్పండి."

మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన చోటు మేనమామ 18 బోరెలు. ఆ రోజు మీరు చేసిన మంచిపనే మిమ్మల్ని పట్టిచ్చింది. అందరికీ ఒకే కోత కోసినంత కాలం అది మిల్లు ఆనవాయితీ అని మీకు మీరు చెప్పుకోగలిగారు. మనవాడికి ఒక తూకం, వెనక నిలబడ్డ పరాయివాడికి ఇంకో తూకం రాసేసరికి మీ దగ్గర రెండు రాళ్లున్నాయని మీకే తెలిసిపోయింది. మీ అమ్మాయి చదివింది సామెతల గ్రంథం 20వ అధ్యాయం 10వ వచనం. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలోనూ ఇదే ఆజ్ఞ ఉంది: సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు రకాల రాళ్లు ఉంచుకోవద్దని. వ్యాపారి దగ్గర రెండు రాళ్లు ఎందుకుంటాయో సంతలో తిరిగిన ఎవరికైనా తెలుసు. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ఆ రెండో రాయి పోయిందనుకున్నాం. అది మీ పెన్నులో ఉంది.

పాపం ఎవరి ఖాతాలో పడుతుందని మీ ఇంట్లో లెక్కలు వేస్తున్నారు. మీ భార్యను తప్పుపట్టను. 14,000 జీతంతో ఇల్లు నడిపే మనిషి భర్తకు ధైర్యం చెప్పడానికి వెతుక్కున్న మాట అది. కానీ అది నిలవదు. లోబడాలని పాస్టర్ గారు చెప్పిన మాట కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 22వ వచనంలో ఉంది. అక్కడి నుంచి మూడు వచనాలు కిందికి వెళ్లండి. అన్యాయం చేసినవాడికి ఆ అన్యాయం కొలదీ తిరిగి వస్తుంది, పక్షపాతం ఉండదు అని ఉంటుంది. ఆ తర్వాతి మాట యజమానులకు: మీ దాసులకు న్యాయమైనది ఇవ్వండి, మీకూ పైన యజమాని ఉన్నాడు. పక్షపాతం లేదంటే పెద్దవాడని షావుకారుకు మినహాయింపు లేదు, చిన్నవాడని గుమాస్తాకూ లేదు. పాస్టర్ గారు మొదటి వచనం దగ్గర ఆగిపోయారు. చందాలు ఎక్కువగా ఎవరి దగ్గర నుంచి వస్తాయో చూసుకోవలసిన స్థితి ఆయనది అయి ఉండవచ్చు, కాకపోనూవచ్చు. నాకు తెలియని మనిషిని నేను అనుమానించకూడదు. మీరే ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టి, మిగతా మూడు వచనాల సంగతి అడగండి. మంచి కాపరి అయితే సంతోషిస్తాడు.

ఇక మీ అమ్మగారి మాట. "పైవాడు చూస్తున్నాడు" అన్నది మన ప్రాంతంలో క్రైస్తవులూ అంటారు, ముస్లిములూ అంటారు, హిందువులూ అంటారు. అంత నిజమైన మాట మరొకటి లేదు, అంత సులువుగా దుర్వినియోగమయ్యే మాటా మరొకటి లేదు. దీని గురించి నాకు మా ఇంట్లోనే ఒక పాఠం దొరికింది.

మా తాతయ్యకు కడపలో చిన్న పసుపు కొట్టు ఉండేది. ఆదివారం సంఘంలో ముందు వరుసలో కూర్చునే పెద్దమనిషి. కొట్టులో ఇత్తడి తక్కెడ. రైతు ముందు ఖాళీ పళ్లాలు ఎత్తి చూపించి, ముల్లు నడుమ నిలబడిందనిపించి మరీ తూచేవాడు. సెలవుల్లో వెళ్లినప్పుడు నేను నాయనమ్మతోపాటు పొద్దున్నే కొట్టు ఊడ్చేదాన్ని. ఆమె తక్కెడ తుడిచేటప్పుడు రాళ్లు వేసే పళ్లెం తిరగేసి, చెంచా కాడతో అడుగున ఏదో గీకేది. ఏమిటని అడిగితే "దుమ్ము" అనేది. ఒకరోజు నేనే తిరగేసి చూశాను. రేగిపండంత చింతపండు ముద్ద, పసుపు దుమ్ము పట్టి పళ్లెం రంగులోనే కలిసిపోయి ఉంది. అవతలి పళ్లెం కొక్కేనికి అంతే బరువున్న సీసపు ముక్క వేలాడుతోంది. ఖాళీగా ఉన్నప్పుడు రెండూ సరితూగుతాయి. రైతు పసుపు ఎక్కే ముందు ఆ సీసం తాతయ్య గుప్పిట్లోకి వెళ్లిపోతుంది. చూసేవాళ్లు దాన్ని తక్కెడ సరితూగడానికి కట్టే పాసంగం అనుకునేవారు. నాయనమ్మ ప్రతి పొద్దునా ఆ ముద్ద గీకి పారేసేది. మధ్యాహ్నానికి మళ్లీ అంటుకుని ఉండేది. ఈ విషయం మీద వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. రాత్రి ప్రార్థనలో మాత్రం "నీ తీర్పులు న్యాయమైనవి ప్రభువా" అని నాయనమ్మ కాస్త గట్టిగా అనేది. తాతయ్య ఎప్పుడు మానేశాడో, అసలు మానేశాడో లేదో కూడా నాకు తెలియదు. కానీ దేవుడు తీర్పు తీరుస్తాడని నమ్మడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ చెంచా కాడ గుర్తుకొస్తుంది. దేవుడు చూస్తున్నాడని ఆమెకూ తెలుసు. అయినా గీకడం ఆపలేదు.

పగ తీర్చడం నా పని అని దేవుడు అన్నట్టు రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో పౌలు గుర్తు చేస్తాడు. ఆ మాట మన చేతిలోంచి తీసేసుకునేది కొరడాను. షావుకారును శిక్షించే బాధ్యత మీ మీద లేదు. ఆయన పతనం కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. రాత్రిళ్లు ఆయన మీద కేసు నడిపి మీరే తీర్పు చెప్పి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. అంత బరువు దిగిపోతుంది. తూకం మాత్రం ఆ మాటలో లేదు. అది మీ దగ్గరే ఉంది.

మంటలప్పటి సంతోషం గురించి రెండు మాటలు. మీరు దుర్మార్గులు కారు. రెండు నెలలు జీతం ఆపినవాడి సరుకు కాలుతుంటే లోపల ఏదో పొంగడం మానవ సహజం. దాన్ని దేవుడి తీర్పు అని పేరు పెట్టడం దగ్గరే ఇబ్బంది. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఇలాంటి సందర్భమే ఉంది. సిలోయంలో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములోని మిగతా వాళ్లందరికంటే పాపులని మీరనుకుంటున్నారా అని అడిగి, కాదు అని యేసే జవాబు చెప్పాడు. మీరు మారకపోతే మీ సంగతేమిటని వెంటనే విన్నవాళ్ల వైపు తిరిగాడు. దూదిలో నిప్పు రవ్వ పడితే అది ఎవరి సొమ్మో చూసుకోదు. మీ మిల్లు మంటల్లో షావుకారుకు బీమా ఉండి ఉండవచ్చు. చేతులు కాలింది హమాలీవి. దేవుడి తీర్పు అంత గురితప్పి పడుతుందని నేను నమ్మను. ఆ హమాలీ ఇంటికి మీరు ఇంకా వెళ్లకపోతే ఈ సాయంత్రమే వెళ్లండి. పని చేస్తుండగా జరిగిన ప్రమాదం కాబట్టి అతనికి చట్టప్రకారం పరిహారం అడిగే హక్కుంది. కార్మిక శాఖ కార్యాలయానికి అతనితోపాటు మీరు వెళ్లగలరు, కాగితం రాసిపెట్టగలరు. మంటలు చూసి పొంగిన మనసుకు ఇంతకంటే మంచి మందు నాకు తోచడం లేదు.

రేపు పొద్దున కాటా దగ్గర ఏం చేయాలన్నారు. దారులు మూడు నాలుగు ఉన్నాయి, దేనికి ఎంత ఖర్చవుతుందో చూసి మీరే ఎంచుకోవాలి.

నాకు అన్నిటికంటే ముందు తోచింది షావుకారుతో మాట్లాడటం. మీరు నవ్వవచ్చు. పదకొండేళ్లు మాట్లాడనిది ఇప్పుడేం మాట్లాడతామని. కానీ బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, వచ్చి మేమేం చేయాలని అడిగినప్పుడు, ఆ ఉద్యోగం వదిలేయమని ఆయన అనలేదు. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, అంతే. పాడైన పనిలో కూర్చునే సరిగ్గా పనిచేయడం సాధ్యమని ఆయన అనుకున్నట్టే కదా. (సుంకరి తన బల్ల దగ్గర తానే యజమాని, మీరు కారు. ఆ తేడా నేను మరచిపోలేదు.) షావుకారు దగ్గరికి పాపం, పుణ్యం, నరకం అంటూ వెళ్లవద్దు. ఖాళీ బోరెలు పది తీసుకుని మీ కాటా మీదే తూచండి. ఒక్కొక్కటి సగటున ఎంతో తేలుతుంది. ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లి, సంచి బరువు ఇంతే ఉంది, ఇంతే తీసేద్దాం అనండి. తేమ ఎక్కువ ఉంటే దానికి కోత విడిగా చూపిద్దాం అనండి. భారత పత్తి సంస్థ కూడా 8 శాతం తేమ వరకు పూర్తి ధర ఇచ్చి, అది దాటితే తగ్గించి, 12 శాతం మించితే కొనడం లేదు. కోత ఉండటం తప్పు కాదు, కోత కనపడకపోవడమే తప్పు. వ్యాపారికి అర్థమయ్యే మాట ఇంకొకటి ఉంది. రైతులు అమాయకులు కారు. ఏ మిల్లులో ఎంత పోతుందో బండి దిగేలోపే మాట్లాడుకుంటారు. సరైన తూకం అని పేరు పడిన మిల్లు ముందు వరుస దానంతట అదే పెరుగుతుంది.

ఆయన ఒప్పుకోవచ్చు, సగం ఒప్పుకోవచ్చు. సగం అంటే సంచికి రెండు బదులు ఒకటిన్నర. అది చాలదని మీకూ తెలుసు, కానీ 20 బోరెల రైతుకు పది కిలోలు మిగులుతాయి. దాన్ని చిన్నచూపు చూడకండి. ఒప్పుకోకపోతే ఒక్కటి అడగండి: చీటీ మీద రెండు అంకెలు రాయనివ్వమని. కాటా చూపిన బరువు ఒకటి, తీసివేత ఒకటి. తీసేసేది షావుకారు ఇష్టమే కావచ్చు, కానీ రైతుకు కనపడాలి. కనపడితే అతను బేరమాడతాడు, లేదా బండి తిప్పుకుని పోతాడు. దొంగతనానికి చీకటి పోతే సగం బలం పోతుంది. నా మట్టుకు నాకు, మీరు ఇక కింద పడకూడని గీత ఇక్కడుంది: మీ చేతిరాతతో అబద్ధపు అంకె రాయకపోవడం. దీనికి ఆయన మిమ్మల్ని కాటా నుంచి లేపేయవచ్చు, పనిలోంచే తీసేయవచ్చు. సీజను మధ్యలో నమ్మకమైన గుమాస్తా దొరకడం ఆయనకూ కష్టమే అన్నది మీ వైపు ఉన్న బలం.

రెండో దారి, మీరే కాటా నుంచి తప్పుకుని లెక్కల పుస్తకాల వైపో, బేళ్ల వైపో మార్చమనడం. ఉద్యోగం ఉంటుంది, ఫీజు కడతారు, చేయి అబద్ధం రాయదు. నిజాయితీగా చెప్పాలంటే నాకు ఈ దారి అంతగా నచ్చదు. యేసును సిలువకు అప్పగిస్తూ నీళ్లు తెప్పించుకుని జనం ముందు చేతులు కడుక్కున్న పిలాతు గుర్తుకొస్తాడు. మీ స్థానంలో ఇంకొక కుర్రవాడు కూర్చుంటాడు, 50 అనే రాస్తాడు, కోసిగి రైతుకు తేడా ఏమీ ఉండదు. అయినా అమ్మాయి పరీక్షలు అయ్యే దాకా ఊపిరి తీసుకోవడానికి ఇది తప్ప మార్గం లేదంటే, దీన్ని ఒక గడువు పెట్టుకుని వాడుకోండి. తేదీ రాసుకోండి. గడువు లేని సర్దుబాటు మీకిప్పటికే పదకొండేళ్లు పట్టింది.

మూడోది, మానేయడం. రేపే చీటీల కట్ట విసిరేసి బయటికి వచ్చేస్తే సంఘంలో గొప్ప సాక్ష్యం అవుతుంది, ఇంట్లో హాస్టల్ ఫీజు ఆగిపోతుంది. మీ అమ్మాయి చదువు మీ ఆత్మశాంతికి వెల కాకూడదు. మానేయాలనుకుంటే ముందు పని వెతుక్కోండి. కాటా, చీటీ, లెక్క తెలిసిన మనిషికి మార్కెట్ యార్డులోనూ, నూనె మిల్లుల్లోనూ, విత్తనాల కొట్లలోనూ అవకాశం ఉంటుంది. జీతం రెండు వేలు తగ్గవచ్చు. అప్పుడు ఆ రెండు వేల సంగతి భార్యతో ముందే కూర్చుని మాట్లాడండి. ఆమెకు తెలియకుండా తీసుకున్న నిర్ణయం ఎంత న్యాయమైనదైనా ఆ ఇంట్లో అన్యాయమే.

ఫిర్యాదు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అందరూ అనుకున్నంత సూటిగా ఉండదు. తూనికలు, కొలతల శాఖ ఉంది. ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి తనిఖీ చేసి ముద్ర వేసేది వాళ్లే. కొనేవాడు రైతు దగ్గర మోసంతో ఎక్కువ సరుకు తీసుకోవడం 2009 నాటి తూనికల చట్టం కింద నేరమే. కానీ ఇన్‌స్పెక్టరు వచ్చి కాటా మీద ప్రామాణిక రాళ్లు పెట్టి చూస్తే అది సరిగ్గానే చూపిస్తుంది. మోసం యంత్రంలో లేదు, కాగితంలో ఉంది. కాబట్టి సాక్ష్యం చీటీలే. ఆ చీటీల మీద ఉన్న చేతిరాత మీది. ఈ దారి ఎంచుకుంటే ముందు న్యాయవాదిని కలవండి. కర్నూలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, అర్హులకు ఉచితంగా సలహా ఇస్తుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. ఫిర్యాదు చేయడం విశ్వాసికి తగదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు కదలలేదు. వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలన్నాడు. రోమా చక్రవర్తి కైసరు ఎదుట విచారణ కావాలని అడిగిందీ ఆయనే. దేవుడి న్యాయాన్ని ఆయనకంటే ఎక్కువ నమ్మినవాళ్లు మనలో ఎవరున్నారు?

అందుకే మీ రెండు నెలల జీతం గురించి కూడా మౌనంగా ఉండవద్దు. ఆయన సీజను అయ్యాక అనగానే మీరు దాన్ని దేవుడికి వదిలేసిన తీరు నాకు విశ్వాసంలా అనిపించలేదు. మీరు రైతుకు బాకీ, షావుకారు మీకు బాకీ, గట్టిగా అడిగితే మీ గుట్టు కూడా బయటపడుతుందేమోనన్న భయం. మీ తూకం సరిచేసుకున్న మర్నాడు మీ జీతం అడగడానికి మీ గొంతు ఎంత తేలికవుతుందో చూడండి. కోత కోసిన కూలీల జీతం బిగబట్టిన ధనవంతుల మీద ఆ కూలి డబ్బే మొరపెడుతోందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. డబ్బే మొరపెడుతున్నప్పుడు మనిషి నోరు తెరిస్తే తప్పేమిటి?

కవరు సంగతి. అందులో దశమభాగం ఇస్తున్నానని రాశారు, తర్వాత ఏమీ వ్యాఖ్యానించలేదు. మీకూ మింగుడుపడలేదని అర్థమైంది. ఈ సీజను కవరు వద్దనండి. తీసుకోనని చెప్పడమే షావుకారుతో సగం సంభాషణ. పాతవాటి విషయంలో సువార్తలోని సుంకరి జక్కయ్యలా నాలుగంతలు తిరిగి కడతానని ప్రతిజ్ఞలు చేయకండి. జక్కయ్య ధనవంతుడు, సొమ్ము తన ఇంట్లోనే ఉంది. మీరు రాసిన కోతలో పెద్ద భాగం మిల్లు గోదాములో చేరింది, మీ ఇంట్లో కాదు. పదకొండేళ్ల రైతులందరినీ వెతికి కట్టాలనుకుంటే మీరు ఈ జన్మలో తేలరు, తేలలేక మళ్లీ ఏమీ చేయకుండా ఆగిపోతారు. మీ చేతికి వచ్చింది ఏడాదికి 5,000. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మొదటి పేరు మీకు తెలుసు. రైతుల ఫోన్ నంబర్లు మీ పుస్తకంలో ఉంటాయనే అనుకుంటున్నాను, డబ్బు చెల్లించాలి కదా. ఆయనకు కిలో 70 కట్టారు, అంటే క్వింటాలుకు 7,000. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. డబ్బు వెంటనే కావాలనో, తేమ ఉందనో, ఆయన ధర దగ్గర ఇప్పటికే నష్టపోయి మీ కాటా దాకా వచ్చాడు. ఆ తర్వాత 34 కిలోలు. గుంటూరు మిరపతోటల్లో ఆ ఇంటిల్లిపాదీ ఎన్ని రోజులు వంగితే 2,380 రూపాయలవుతాయో మీకంటే మీ అమ్మగారు బాగా లెక్క కట్టగలరు.

ఫోను చేయండి. తూకంలో పొరపాటు జరిగింది, మీకు రావలసింది ఇంత ఉంది అని చెబితే చాలు. షావుకారును తిట్టవద్దు, మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, వాక్యాలు వినిపించవద్దు. ఎలా పంపాలో అడగండి. ఎందుకు ఇస్తున్నావని ఆయన తప్పకుండా అడుగుతాడు. ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆ జవాబు మీరే చెప్పుకోవాలి, ముందు రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మాయి ముందు ఒకసారి చెప్పి చూడండి.